గింజతో పాటు పద్ధతీ రావాలి

సెలవు రోజున మన ఇళ్లలో వంట ఈమధ్య కొంత మారింది. పాస్తా, టాకో, కిమ్చి, హమ్మస్ లాంటి పేర్లు పిల్లల నోట అలవోకగా పలుకుతున్నాయి. హోటల్లో తినడంతో ఆగకుండా, ఫోనులో చూసి ఇంట్లోనే వండుకునే కుటుంబాలు ఊరూరా కనిపిస్తున్నాయి. దీన్ని కొందరు ముచ్చటగా చూస్తారు, కొందరు వేలంవెర్రి అంటారు. నా అభిప్రాయం చెబుతాను. ఇతర దేశాల సంప్రదాయ వంటకాలను ఇంటిల్లిపాదీ కలిసి వండుకోవడం ఒక మంచి చదువు. ఆ చదువుకు ఒక షరతు ఉంది. వంటకం రుచిని ఒక్కదాన్నే తెచ్చుకుంటే చాలదు. దాన్ని వండే పద్ధతిని, ఆ పద్ధతి వెనక ఉన్న కారణాన్ని కూడా తెచ్చుకోవాలి. ఈ షరతు ఎందుకు పెడుతున్నానో చెప్పడానికి ముందుగా మనందరికీ తెలిసిన ఒక గింజ చరిత్ర చూద్దాం.

ఆ గింజ మొక్కజొన్న. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల ప్రజలు వేల ఏళ్లుగా దాని మీదే బతికారు. అక్కడివాళ్లు ఆ గింజను ఎండుగా విసిరి పిండి చేసి ఊరుకోరు. సున్నం కలిపిన నీళ్లలో గింజల్ని ఉడికించి, రాత్రంతా ఆ నీళ్లలోనే నాననిస్తారు. తెల్లారాక పొట్టు ఊడిపోయేలా నలిపి కడిగి, తడి ఆరకముందే రుబ్బుతారు. ఆ ముద్దను చిన్న చిన్న ఉండలు చేసి, పల్చగా తట్టి, పెనం మీద కాలుస్తారు. అదే టోర్టియా. ఈ నానబెట్టే పనికి నిక్స్‌టమలైజేషన్ అని పేరు. అక్కడి నహువాతల్ భాషలో బూడిదను చెప్పే మాట ఆ పేరులో దాగి ఉంది, ఎందుకంటే సున్నానికి బదులు కట్టెల బూడిద కూడా వాడేవారు. పొట్టు సులువుగా పోతుందని, ముద్ద విరిగిపోకుండా సాగుతుందని, కమ్మటి వాసన వస్తుందని ఆ గృహిణులకు అనుభవంలో తెలుసు. వాళ్ల కంటికి కనిపించని మేలు ఇంకొకటి కూడా జరిగేది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా, అది మన ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. సున్నపు నీళ్లు దాన్ని విడిపిస్తాయి. పైగా ఆ రొట్టెకు కాల్షియం కూడా చేరుతుంది.

1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటాక మొక్కజొన్న ఐరోపాకు చేరింది. తక్కువ నేలలో ఎక్కువ పండుతుంది కాబట్టి స్పెయిన్, ఇటలీ దేశాల పేద రైతులకు కాలక్రమంలో అదే పూటపూటా తిండి అయింది. గింజ ఓడ ఎక్కింది గాని సున్నపు నీళ్ల కుండ ఎక్కలేదు. 1735లో స్పెయిన్‌లోని ఆస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో ఒక కొత్త జబ్బును గుర్తించాడు. ఎండ తగిలిన చోటల్లా చర్మం ఎర్రబారి గరుకెక్కేది, తరవాత విరేచనాలు పట్టుకునేవి, మతి చలించేది, చివరికి ప్రాణం పోయేది. ఇటలీలో దానికి గరుకు చర్మం అనే అర్థంలో పెల్లాగ్రా అని పేరు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలను కమ్ముకుంది. అక్కడ దాదాపు 30 లక్షల మందికి సోకిందని, లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. అంటువ్యాధి అని చాలామంది వైద్యులు నమ్ముతున్న రోజుల్లో, 1914లో ఆ జబ్బుకు కారణం కనిపెట్టే పని చేపట్టిన వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అది తిండిలోని లోటేనని పరీక్షలతో చూపించాడు. అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం చేర్చి పెడితే జబ్బు మాయమైంది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే శాస్త్రవేత్త ఆ లోటు నియాసిన్‌దేనని తేల్చాడు. మెక్సికో పల్లెల్లో అమ్మమ్మలు మనవరాళ్లకు చేతితో నేర్పిన విషయం ప్రయోగశాలలకు తెలియడానికి అన్నేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఆ రైతుల్ని చంపింది పేదరికం కదా, వంట పద్ధతి మీద నింద వేయడం ఎందుకు అని. పేదరికం పెద్ద కారణమే, సందేహం లేదు. పాలు, పప్పు, కూర, మాంసం దొరికిన ఇంట్లో మొక్కజొన్న ఎలా వండినా ముప్పు ఉండేది కాదు. కాని మెక్సికో పేదలు కూడా మొక్కజొన్న మీదే బతికారు, వాళ్లను పెల్లాగ్రా ఈ తీరున ఊళ్లకు ఊళ్లు పట్టి పీడించలేదు. ఒకే పేదరికం, ఒకే గింజ ఉన్న రెండు చోట్ల తేడా చూపించింది పద్ధతే. ఈ జబ్బు మనకు దూరపుదేం కాదు. జొన్న మీదే బతుకు వెళ్లదీసిన దక్కను పేదల్లో కూడా అది కనిపించింది. హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఆయన సహచరులు 1960ల్లో దీని మీద పరిశోధించి, జొన్నలో ల్యూసిన్ అనే ఆమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటాన్ని ఒక కారణంగా చూపారు. ఏ గింజకైనా దాని గుణం, దాని లోటు రెండూ ఉంటాయి. వాటితో తరతరాలు కాపురం చేసినవాళ్లకే వాటిని ఎలా మచ్చిక చేసుకోవాలో తెలుస్తుంది.

కర్రపెండలం కూడా ఇదే చెబుతుంది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ దుంపలో చేదు రకాలకు సయనైడును విడుదల చేసే గుణం ఉంది. అమెజాన్ ప్రజలు దాన్ని తురిమి, రసం పిండేసి, పులియబెట్టి, పెనం మీద వేయించి విషం పోగొడతారు. ఆ దుంప ఆఫ్రికాకు వెళ్లింది. అక్కడి పల్లెలు కూడా నానబెట్టి, ఎండబెట్టే పద్ధతులు ఏర్పరచుకున్నాయి. కాని 1981లో మొజాంబిక్‌లో కరువు ముంచుకొచ్చి, ఆకలికి తాళలేక జనం ఆ పనులను కుదించుకున్నప్పుడు, వందల మంది పిల్లలకు, తల్లులకు కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ జబ్బుకు కొంజో అని పేరు. అదే కర్రపెండలం మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతపు మిల్లుల్లో సగ్గుబియ్యంగా మారి మన పాయసంలోకి వస్తోంది. అక్కడ కూడా దుంపను తురిమి, కడిగి, పిండి తేర్చి, వేయించాకే అది సగ్గుబియ్యం అవుతుంది. కాబట్టి వంటకం అంటే దినుసుల పట్టిక ఒక్కటే అనుకోకూడదు. ఒక జాతి తన నేలతో, తన నీటితో చేసుకున్న ఒప్పందాలన్నీ అందులో ఉంటాయి.

ఇంత చెబితే, ప్రతి వంటకం వెనకా ప్రాణాపాయం పొంచి ఉందని భయపెట్టినట్టు అవుతుందేమో. అలాంటిదేమీ లేదు. చాలా వంటకాల్లో పద్ధతి మనకిచ్చేది తెలివిడి. ఇథియోపియా వాళ్ల ఇంజెరానే తీసుకోండి. టెఫ్ అనే ఆవగింజ కంటే చిన్నదైన ధాన్యాన్ని పిండి చేసి, నీళ్లు కలిపి, రెండు మూడు రోజులు పులియనిస్తారు. పిండి మీద తేరుకున్న పసుపుపచ్చని నీటిని కొంత తీసి తరవాతి విడతకు తోడుగా దాచుకుంటారు. మనం పాలు తోడు పెట్టుకోవడానికి కాస్త పెరుగు మిగుల్చుకున్నట్టే అది. పెద్ద పెనం మీద అంచు నుంచి లోపలికి చుట్టూ పోసి, మూత పెట్టి, ఒకవైపే కాలుస్తారు. మన అట్టును ఎరిగిన పిల్లకు ఇది చూడగానే బోధపడుతుంది. అలా బోధపడ్డాక ఆ పిల్ల తప్పకుండా అడుగుతుంది, మన పిండి ఎందుకు పొంగుతుంది అని. కొరియా వాళ్ల కిమ్చి దగ్గరికి వెళితే దానికి జవాబు దొరుకుతుంది. క్యాబేజీకి ఉప్పు పట్టించినప్పుడు నీరు ఊరుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చాలావరకు ఆ ఉప్పుకు తట్టుకోలేవు, పులియబెట్టేవి తట్టుకుంటాయి. కిమ్చిని పులియబెట్టే వాటిలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియా. మన ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి పొంగించే వాటిలోనూ అది ఉంటుంది. సియోల్‌లోని జాడీ, మన వంటింట్లోని ఇడ్లీ పిండి గిన్నె ఒకే చిన్న ప్రాణి చేత పని చేయించుకుంటున్నాయని తెలిసిన పిల్లలు రెండింటినీ గౌరవంగా చూస్తారు. పరాయి వంట చేస్తే మనది మరుగున పడుతుందన్న భయానికి దీన్ని తొలి జవాబుగా తీసుకోండి. రోజూ చూసేదాని గురించి మనం ప్రశ్న వేయం. ఇంకొకటి పక్కన పెట్టి చూసినప్పుడే ప్రశ్న పుడుతుంది.

కుటుంబం కలిసి చేయాలని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. ప్రపంచంలో చాలా సంప్రదాయ వంటలు ఒంటరి మనిషి కోసం ఏర్పడలేదు. కొరియాలో శీతాకాలానికి ముందు ఆ కాలమంతటికీ సరిపడా కిమ్చి పెట్టుకునే పనిని కిమ్‌జాంగ్ అంటారు. వసంతంలో రొయ్యలు, చిన్న చేపలు ఉప్పులో ఊరవేయడం, ఎండాకాలంలో సముద్రపు ఉప్పు కొని ఉంచుకోవడం, వేసవి చివర మిరపకాయలు ఎండబెట్టడం, శరదృతువు ముగిసేవేళ ఇరుగుపొరుగు కలిసి క్యాబేజీ ఆకుల మధ్య కారం పట్టించడం, పెట్టినదాన్ని పంచుకోవడం, అన్నీ అందులో భాగమే. ఆవకాయ పెట్టే ఇంటికి ఆ సందడి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 2013లో యునెస్కో తన మానవాళి వారసత్వ జాబితాలో కిమ్చి రుచిని కాక ఈ కిమ్‌జాంగ్‌ను, అంటే కలిసి చేసి పంచుకునే ఆచారాన్ని చేర్చింది. మలావీ దేశపు న్సిమాకు 2017లో అదే గౌరవం దక్కింది. న్సిమా అంటే మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లలో వేసి గట్టిగా తిప్పి చేసే ముద్ద. మన సంకటికి, తెలంగాణ మక్క గట్కకు దగ్గరి చుట్టం. అక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచే దంచడం, జల్లించడం నేర్చుకుంటారు. ఇథియోపియాలో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఒకరు ముద్ద చుట్టి ఎదుటివారి నోట్లో పెట్టడాన్ని గుర్షా అంటారు. గోరుముద్దలు తిని పెరిగిన మనకు ఆ మాటకు అర్థం అడగాల్సిన పనిలేదు. ఈ వంటల్ని ఒక్కరే వండి, తలొక గదిలో కూర్చుని తింటే పద్ధతిలో సగం పోయినట్టే.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వస్తాను. మొదటిది, మన వంటలే మరుగున పడుతుంటే పరాయివాటి మీద మోజు ఎందుకన్నది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతను కూడా ఎదురు పెడతారు. ఆ పుల్లకూరతోనే జవాబు చెబుతాను. మనం గోంగూర అని, తెలంగాణలో పుంటికూర అని పిలుచుకునే జాతి మొక్క ఆకును బర్మాలో చిన్‌బౌంగ్ అంటారు. చిన్ అంటే పులుపు. వాళ్లు దాన్ని రొయ్యలతో, వెదురు మొలకలతో వేయించుకుంటారు. ఒకప్పుడు వేలమంది తెలుగు కూలీలు బతుకు కోసం రంగూన్ వెళ్లినప్పుడు అక్కడి పళ్లెంలో కనిపించిన ఆకు వాళ్లకు కొత్తది కాదు. అదే కుటుంబపు ఎర్రటి పూకాయలను సెనెగల్‌లో బిస్సాప్‌గా, సూడాన్‌లో కర్కదేగా, మెక్సికోలో హమాయికాగా కాచి తాగుతారు. ఇక మనది అనుకునేవాటిలో మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిపప్పు, జామ, బొప్పాయి, సీతాఫలం, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాలది. మిరప రాకముందు మన కారం మిరియాలది. హైదరాబాదు హలీం అరబ్బుల హరీస్ వంశంలోది, అయినా 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన సొత్తు. కొత్తదాన్ని తెలివిగా కలుపుకోవడం మన వంటకు పాత అలవాటు. మన వంటలు మరుగున పడటానికి కారణం వేరే చోట ఉంది. రోజువారీ వంటింట్లో ఓపిక, తీరిక తగ్గి పొట్లాల మీద ఆధారపడటం పెరిగింది. ఇంజెరా కోసం మూడు రోజులు పిండి పులియబెట్టడానికి ఓర్చుకున్న పిల్లవాడు రేపు రోట్లో పచ్చడి నూరడానికీ ఓర్చుకుంటాడు.

రెండో అభ్యంతరం బరువైనది. ఇంటిల్లిపాదీ అని మాట వరసకు అంటారు, చివరికి ఆ అదనపు చాకిరీ అమ్మ నెత్తిన పడుతుంది అని. ఇది నిజం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఆరేళ్లు దాటిన ఆడవాళ్లలో 81.2 శాతం రోజూ జీతం లేని ఇంటి పని చేస్తుండగా, మగవాళ్లలో చేసేవారు 26.1 శాతమే. చేసేవారిలోనూ ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97 నిమిషాలు. ఈ లెక్క తెలిసి కూడా ఆమెకు ఇంకో వంట అప్పగిస్తే అది అన్యాయం. కాని ఈ పరాయి వంటలోనే ఆ అన్యాయాన్ని కొంత సరిచేసే వీలు ఉంది. పప్పు ఎలా తాలింపు వేయాలో అమ్మకే తెలుసు, మాకు రాదు అని మగపిల్లలు, తండ్రులు తప్పుకోగలరు. ఇంజెరా దగ్గర ఆ సాకు నిలవదు. అది ఇంట్లో ఎవరికీ రాదు. అందరూ మొదటి తరగతే. చదివేవాళ్లు ఒకరు, కొలిచేవాళ్లు ఒకరు, పులిసిందో లేదో చూసేవాళ్లు ఒకరు, గిన్నెలు తోమేవాళ్లు ఒకరు. అమ్మ ఆ రోజు వాళ్లతో పాటు నేర్చుకునే మనిషి. ఈ పంపకం కుదరని ఇంట్లో ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిదని నేను గట్టిగా చెబుతాను.

మూడోది ఖర్చు, దినుసులు. ఆలివ్ నూనెలు, దిగుమతి జున్నులు కొనే స్తోమత ఎందరికుంది అంటారు. ఆ దారిలో వెళ్లాల్సిన అవసరమే లేదు. మన కొట్లో ఉన్నదాని నుంచి మొదలుపెట్టి అది ఏ ఏ దేశాల్లో ఎలా ఉడుకుతోందో వెతుకుదాం. రాగిపిండి ఉంటే ఉగాండా వాళ్ల రాగిముద్ద, ఎర్ర కందిపప్పు ఉంటే ఇథియోపియా వాళ్ల మిసిర్ వత్, శనగపిండి ఉంటే వాళ్లదే షిరో, తినే సున్నం, మొక్కజొన్నలు ఉంటే టోర్టియా. శాకాహారులకు కూడా ఇక్కడ కరువు లేదు. ఇథియోపియా సనాతన క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో, పెద్ద ఉపవాస కాలాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకే వాళ్ల పప్పు వంటకాలు అంత విస్తారంగా పెరిగాయి. జపాన్ బౌద్ధ మఠాల్లోనూ మాంసం లేని వంట ఒక పూర్తి విద్యగా ఎదిగింది. పిల్లలు తినరేమో అన్న దిగులుకు కూడా జవాబుంది. కొత్త రుచి ఒక్కసారికే నచ్చకపోవడం సహజమని, బలవంతం లేకుండా ఎనిమిది, పదిసార్లు రుచి చూపితే చాలామంది పిల్లలు అంగీకరిస్తారని పరిశోధనలు చెబుతున్నాయి. తన చేత్తో కలిపిన పిండి మీద పిల్లలకు ఉండే మమకారం ఎలాగూ ఉంది.

చివరి అభ్యంతరం మార్పు గురించి. అచ్చం వాళ్లలాగే వండాలంటే మన ఇంట్లో కుదురుతుందా, టెఫ్ ఎక్కడ దొరుకుతుంది అని. దినుసు మారినంత మాత్రాన నష్టం లేదు. ఇథియోపియాలోనే జొన్నతో, ఇతర ధాన్యాలతో కూడా ఇంజెరా పోస్తారు. మనం జొన్నతో, రాగితో పోసుకోవచ్చు. పులియబెట్టే ఓపిక లేక వంటసోడా వేసి రంధ్రాలు తెప్పిస్తే మాత్రం ఆకారమే మిగులుతుంది. దినుసు మార్చినప్పుడు ఏం మార్చామో తెలిసి ఉండాలి, పద్ధతినే మార్చేస్తే పేరు కూడా మార్చుకోవాలి. గోబీ మంచూరియా తినడంలో తప్పు లేదు. అది మన దేశంలో పుట్టిన వంటకం. దాన్ని చైనా వాళ్ల సంప్రదాయం అని పిల్లలకు చెప్పడమే తప్పు.

ఈ మాటలన్నిటినీ ఒక్క గిన్నెలో చూపే వంటకం హైతీలో ఉంది. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో అక్కడి ఆఫ్రికన్ బానిసలు గుమ్మడికాయలు పండించేవారు, దొరల కోసం గుమ్మడి సూప్ కాచేవారు. దాన్ని తినే హక్కు మాత్రం వాళ్లకు లేదు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రం ప్రకటించుకుంది. ఆనాటి నుంచి ప్రతి జనవరి 1న ఇంటింటా ఆ సూప్ కాచి, ఇరుగుపొరుగుకు పంచి, కలిసి తాగుతారు. దాని పేరు సూప్ జూము. 2021లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చింది. గుమ్మడికాయ, కూరగాయలు, మాంసం, మిరప అందులో ముఖ్యం. మాంసం తినని ఇల్లు అది లేకుండానే కాచుకుని, ఆ మార్పును చెప్పుకోవచ్చు. కారణం తెలియకుండా తాగితే అది గుమ్మడి సూపే. తెలిసి తాగితే, తన చేతి వంట తాను తినే హక్కు కోసం మనుషులు ఎంత పోరాడారో పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది.

శ్రోతలారా, మన ఇళ్లలో కూడా జనవరి 1న ఏదో ఒకటి ప్రత్యేకంగా చేసుకుంటాం. వచ్చే జనవరి 1న ఒక గుమ్మడికాయ తెచ్చుకోండి. ఇంట్లో అందరూ తలొక పని పంచుకోండి. సూప్ ఉడికేలోపు దాని చరిత్రను పిల్లల చేత చదివించుకోండి. కాచినదాంట్లో ఒక గిన్నె పక్కింటికి పంపండి. ఆ గిన్నెతో పాటు అది ఎవరి వంటో, ఎందుకు చేసుకుంటారో కూడా చెప్పి పంపండి.